బైండింగ్ మిషన్ మింగిన మొదటి అక్షరాలు

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో విడి కాగితాలు పుస్తకం కావాలంటే రెండే మార్గాలుండేవి: దబ్బనంతో కుట్టుకోవడం, లేదా బస్సెక్కి హైదరాబాదులోని కోఠీకి పోవడం. ఇప్పుడు శేరిగూడ రోడ్డు మీద ఏ జిరాక్స్ దుకాణం ముందు నిలబడ్డా, ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చాయ్ చల్లారేలోపు బైండై చేతికి వస్తున్నాయి. ఆ యంత్రాలను చూసినప్పుడల్లా, ఒకప్పుడు అటువంటి యంత్రాన్ని ఎంపిక చేసే బాధ్యత నా మీద పడిందనీ, దానిని నేను ఎంతో శాస్త్రీయంగా నిర్వహించాననీ గుర్తుకొస్తుంది. (శాస్త్రీయంగా అన్న మాటను మా అక్క ముందు ఇప్పటికీ వాడను.)

అప్పుడు నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరి ఏడాది దాటిన లెక్కల సారును. ప్రశ్నపత్రాలూ, పిల్లలు చేతితో రాసి బొమ్మలు వేసిన కథల పుస్తకాలూ బీరువాలో చెల్లాచెదురవుతున్నాయని పెద్దసారు ఒక బైండింగ్ మిషన్ కొనాలని నిశ్చయించి, "నువ్వు కొలవంది నీళ్లు గూడ తాగవు గద, నువ్వే చూసి తే" అని నన్ను పంపారు. కోఠీ దుకాణంలో మూడు రకాలు చూపించారు. ఒకటి కాగితాల అంచుకు వేడి జిగురు పట్టించేది. రెండోది చుట్టలు తిరిగిన తీగను ఎక్కించేది. మూడోది పిడి ఒక్కసారి వంచితే ఇరవై ఒక్క రంధ్రాలు కొట్టి, వాటిలోకి దువ్వెన పళ్లలాంటి ప్లాస్టిక్ రింగులు తొడిగేది. నేను స్కేలూ తెల్ల కాగితాల కట్టా వెంట తీసుకుపోయి, ఒక్క దెబ్బకు ఎన్ని కాగితాలు తెగుతాయి, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరమెంత, పిడి పొడవెంత, బరువెంత అని వరుసగా చూస్తూ పోయాను. దుకాణదారు చాలాసేపు ఓపిక పట్టి, "సారూ, మిషన్ కొంటున్నవా, పిల్లను చూస్తున్నవా?" అన్నాడు. "పిల్లనైతే గింతసేపు చూడనియ్యరు" అన్నాను. రింగులు విప్పి మళ్లీ కాగితాలు చేర్చుకోవచ్చు కనుక మూడోదే ఖాయం చేశాను. రంధ్రం అంచు నుంచి ఎంత లోపలికి వస్తుందన్న ఒక్కటి తప్ప అన్నీ కొలిచాను. తెల్ల కాగితం మీద పరీక్షించినవాడికి ఆ సంగతి తట్టదు.

బడికి అప్పగించే ముందు ఆదివారం ఒకసారి నడిపి చూద్దామని యంత్రాన్ని ఇంటికి తెచ్చాను. అదే రోజు శేరిగూడలో ఇచ్చిన మా అక్క ఒక కాగితాల కట్ట పట్టుకొని వచ్చింది. ఆ ఎండాకాలమే మా నాయనమ్మ పోయింది. బతుకమ్మ ఆడినన్ని రోజులూ వాడకట్టులో పాట ఎత్తుకునేది ఆమే. ఇక ఆ పాటలు ఆమెతోనే పోయినట్టేనని ఆడవాళ్లంతా అనుకుంటుంటే, నాయనమ్మ మంచంలో ఉన్నప్పుడు చెబుతూ పోయినవన్నీ అక్క రాసి పెట్టుకుందన్న సంగతి అప్పుడే తెలిసింది. నేను బడి నుంచి తెచ్చిన పాత ప్రశ్నపత్రాల వెనుక వైపే ఆమె రాసింది. మా ఇంట్లో ఎవరికీ మార్జిన్ విడిచే అలవాటు లేదు. నేను ప్రశ్నపత్రం అచ్చుకిచ్చినా అంతే, అంచు దాకా నింపుతాను. "పండుగ లోపల పుస్తకం చేసియ్యిరా తమ్మీ. మళ్ల రాయాలంటే చెప్పెటందుకు నాయనమ్మ లేదు" అంది అక్క. నేను పై నుంచి పన్నెండు కాగితాలు లెక్కపెట్టి, అంచులు సమానంగా తట్టి, పిడి గట్టిగా వంచాను.

కాగితాలు బయటికి తీసి చూస్తే దాదాపు ప్రతి వరుసా మొదటి అక్షరం లేకుండా వచ్చింది. 'కోడలొచ్చిందని ఉయ్యాలో' అన్నది 'డలొచ్చిందని ఉయ్యాలో' అయింది. అక్క చదివింది, నా వంక చూసింది. "ఓరి తమ్మీ, నీ మిషన్ పాటల తలకాయలన్నీ తిన్నదిరా!" మా అమ్మ బియ్యం చెరుగుతూ, "ఆకలైతదేమో, మిగిలినయి గూడ పెట్టు" అంది. నేను ఎడమ అంచుకు కాగితపు పట్టీలు అతికించే ప్రణాళిక ఒకటి వివరించబోయాను. అక్క వినలేదు. రాలిన కాగితపు ముక్కలు అరచేతిలోకి ఎత్తుకొని, మిగతా కట్టను ఒళ్లో పెట్టుకొని ఒక్కొక్క కాగితమే తిరగేసింది. తరువాత, "ఇటు దిక్కు కొట్టు" అని కుడి అంచు చూపించింది.

"కుడి దిక్కు ఎవరన్న బైండ్ చేస్తరా అక్కా?"

"మీ బడిల ఉర్దూ సార్ కితాబు ఎటు తెరుస్తడు?"

"గది ఉర్దూ."

"అయితే ఏంది? ఇటు దిక్కు ప్రతి వరుసకు ఉన్నది ఒక్క ఉయ్యాలోనే. అది నీ మిషన్ తింటే తిననియ్యి, నాకు నోట్లె ఉన్నది."

కుడి అంచున కొట్టాను. మొదటి పన్నెండు కాగితాల్లోనివి అందరికీ వచ్చిన పాటలే కనుక తలలు అక్కే నింపుకుంది. ఆ కాగితాలు మాత్రం రెండు వైపులా రంధ్రాలతో జల్లెడలా మిగిలాయి. బతుకమ్మ నాడు ఆమె ఆ పుస్తకాన్ని వెనుక నుంచి తెరిస్తే, ఎదురింటి చిన్నమ్మ, "ఏందే, ఉల్టా పట్టినవ్?" అంది. "పాట సీదనే ఉన్నది చిన్నమ్మా, చప్పట్లు కొట్టు" అని అక్క ఎత్తుకుంది. ఆ సాయంత్రం నాయనమ్మ పాటల్లో ఒక్కటి కూడా ఆగలేదు. యంత్రాన్ని మాత్రం నేను ఆ ఆదివారం మరునాడే బడికి అప్పగిస్తూ, ఇకపై ప్రతి కాగితానికీ ఎడమ వైపు బొటనవేలంత జాగా విడవాలని సలహా ఇచ్చాను. పెద్దసారు నా ముందుచూపును ఎంతో మెచ్చుకున్నారు. (కారణం అడగలేదు కనుక నేనూ చెప్పలేదు.)

మొన్నటి బతుకమ్మకు మా అక్క మనవరాలు ఆ పుస్తకాన్ని ఫోన్‌లో ఫొటోలు తీస్తుంటే, పేజీలు తిప్పి పట్టుకునే పని నాకు అప్పగించారు. ఒక కాగితం అవతలి వైపుకు తిరిగింది. అది నేను తయారు చేసిన లెక్కల ప్రశ్నపత్రం. పాట కుడి అంచు దానికి ఎడమ అంచు. ప్రశ్నలన్నీ ఉన్నాయి; వాటి ముందున్న అంకెలు మాత్రం రంధ్రాల్లో పోయాయి. "తాతా, ఇది ఎన్నో ప్రశ్న?" అని పిల్ల అడిగింది. నాకు తెలియదని చెప్పి, కాగితాన్ని మళ్లీ పాట వైపుకు తిప్పి పట్టుకున్నాను.