హిందీలో లేని రెండు అక్షరాలు

కాశయ్య కుట్టిన పుస్తకం ఊడదు. కిరండూల్ బజారులో ఎవరినడిగినా ఈ మాట చెప్తారు. ఎవరినీ అడక్కపోతే కాశయ్యే చెప్తాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి జిగురు కాయడం దగ్గర్నుంచి, నూలుకు మైనం రాసి, దబ్బనంతో పొడిచి కుట్టడం దాకా పనంతా ఆయన ఒక్క చేతి మీదే నడిచేది. ఆఫీసు రిజిస్టర్లు, బడి హాజరుపట్టీలు అన్నీ ఆయన రేకుల షెడ్డుకే వచ్చేవి. ఇనుపరాయి దుమ్ము పడి ఊరు ఊరంతా ఎర్రబడినా కాశయ్య బల్ల మీది కాగితం తెల్లగానే ఉండేది. అంతటి పనివాడు చేసిన ఒకే ఒక్క తప్పు గురించి ఈ కథ. తప్పు ఒక్కటే గానీ, పెద్దపెద్ద చదువరులు దాని చుట్టూ తొమ్మిదేళ్లు ప్రదక్షిణం చేశారు.

కాశయ్యది మద్దేడ్, తెలుగు సరిహద్దు దాటగానే హిందీ బడులు మొదలయ్యే చోట ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు, చేలో తోటివాళ్లతో గోండీ, బడిలో హిందీ. ఐదో తరగతి అయ్యాక జగదల్‌పూర్‌లో ఒక ప్రెస్సులో పనికి కుదిరితే అక్కడ హల్బీ కూడా వచ్చింది. నాలుగు భాషల్లో తిట్టగలడు, ఒక్కదాన్లోనే చదవగలడు. ఆ ఒక్కటీ వాళ్లమ్మ మాట్లాడిన భాష కాదు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన పుట్టిన చోట తెలుగు చెప్పే బడి లేదు, అంతే.

గనులు జోరందుకున్నాక కాశయ్య మకాం కిరండూల్‌కు మార్చాడు. విశాఖ రైల్లో వచ్చి అక్కడ పనుల్లో చేరిన తెలుగువాళ్లు బోలెడంతమంది. వాళ్లు ఒక సంఘం పెట్టుకుని, రెండు గదుల్లో గ్రంథాలయం తెరిచారు. ఆ గదుల్లో ఉన్న ఎనిమిది వందల పుస్తకాల్లో కాశయ్య చేతికి రానిది లేదు. కానీ సంఘం నియమం ఒకటుంది. తెలుగు చదవను, రాయను వచ్చినవాళ్లే సభ్యులు. కాబట్టి కాశయ్య కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, వరండాలో కూర్చుని టీ తాగి వెళ్లేవాడు. పెళ్లి పందిరి వేసినవాడికి బంతిలో విస్తరి లేనట్టుండేది వ్యవహారం. ఆయన పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, పసుపుపచ్చ అట్టముక్క సభ్యత్వ కార్డు చూస్తే మాత్రం ప్రాణం కొట్టుకునేది.

ఆ గ్రంథాలయంలో 'మసి అద్దం' అని ఒక నవల ఉంది. రాసినాయన మహా పేరున్నవాడు. మనిషి సాటి మనిషికీ, చివరికి తనకు తానే పరాయివాడైపోవడాన్ని ఆయనలా రాసినవాడు లేడని పత్రికలు కోడై కూసేవి. పేరు చెప్పని ఒక గుమాస్తా ఇల్లొదిలి అద్దెగదిలో చేరి, అక్కడి మసిబారిన అద్దంలో తన మొహం తానే పోల్చుకోలేకపోతాడు. అదీ కథ. అధ్యాయాలూ లేవు, శీర్షికలూ లేవు. ఊరు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క ప్రతే.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ పుస్తకం మీద వాదన జరిగేది. పుస్తకం పక్షాన వెంకటనారాయణ. సంఘం కార్యదర్శి, హైస్కూలు మేష్టారు, రాజమండ్రి మనిషి. ఎదుటి పక్షాన చక్రధరరావు, గనిలో డ్రిల్లింగు ఫోర్‌మన్. ఆయన గొంతు వింటే కొండకు అవతలివాళ్లు కూడా పని మొదలైందనుకుంటారు.

వెంకటనారాయణ ఆ నవలలో ప్రతి వాక్యాన్నీ ఒలిచి చూపించేవాడు. ఒకచోట గుమాస్తా "మెట్లు ఎక్కుతూ" ఉంటాడు, పేజీ తిప్పితే "చేపల కూర వండటం ఎవరు నేర్పారని అడిగాడు" అని ఉంటుంది. మెట్లకూ చేపలకూ సంబంధం లేకపోవడమే ఆధునిక మానవుడి ముక్కలైన మనసు అనేవాడాయన. అక్కడితో అయిందా! కథ నడుస్తూ నడుస్తూ ఉండగానే 'సమాప్తం' అని వస్తుంది, ఆ తర్వాత మళ్లీ ముప్పై రెండు పేజీలు. బతుకు ముగిశాక కూడా బతకాల్సి రావడమే ఏకాకితనం అని దానికి భాష్యం. అన్నిటికన్నా గొప్పది ఆఖరి వాక్యం. "ఇక నేను" అని ఆగిపోతుంది. చుక్క కూడా లేదు. ఆ రెండు మాటల మీద వెంకటనారాయణ సంఘం సంచికలో పదకొండు పేజీల వ్యాసం రాశాడు.

చక్రధరరావు ఇవేవీ ఒప్పుకునేవాడు కాదు. ఇంట్లో ఆడమనిషి మాట సగంలో ఆపితే అలిగిందంటాం, రచయిత ఆపితే మహానుభావుడంటామా అని అడిగేవాడు. పేలుడు పెట్టేముందు తను గనక హెచ్చరిక సగంలో ఆపితే పదిమంది పోతారనీ, మాట పూర్తి చేయడం మనిషి మనిషికి చేయగలిగిన కనీస మర్యాద అనీ బల్ల గుద్దేవాడు. ఈ గొడవలో ఇద్దరూ కలిసి టీ తాగడం మానేశారు. వరండాలో కూర్చుని ఇదంతా వింటున్న కాశయ్య మాత్రం, ఇంత గొప్ప పుస్తకం నా చేతిలో పడ్డదే కదా అని లోలోపల పొంగిపోయేవాడు.

ఇలా తొమ్మిదేళ్లు నడిచాక, ఒక ఎండాకాలంలో సంఘం పిల్లలకు తెలుగు నేర్పడానికి వాచకాలు తెప్పించింది. అట్టలు వేయడానికి కాశయ్య దగ్గరికి వస్తే, అడిగి ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. యాభై ఏళ్ల వయసులో 'అమ్మ, ఆవు' అని చదువుతుంటే భార్య వెంకమ్మ నవ్వింది. ఆయన పట్టించుకోలేదు. వానాకాలం వెళ్లేసరికి గుణింతాలు, వత్తులు అన్నీ లొంగిపోయాయి. దసరా ముందు వెళ్లి సభ్యత్వం అడిగాడు. వచ్చే ఆదివారం అందరి ముందూ ఒక పేజీ చదవాలన్నాడు వెంకటనారాయణ. ఏ పుస్తకమైనా, ఏ పేజీ అయినా ఇయ్యమన్నాడు కాశయ్య. తడబాటన్నది ఆయన ఒంట్లోనే లేదు. అలవాటు కోసమని 'మసి అద్దం' అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

బైండింగు చేసేవాడు పుస్తకాన్ని మనలా చూడడు. ముందు పేజీ అడుగు చూస్తాడు. పదహారు పేజీలు ఒకే కాగితం మీద అచ్చువేసి మడిస్తే అది ఒక ఫారం. ఏ ఫారం తర్వాత ఏది రావాలో తెలియడానికి మొదటి పేజీ అడుగున చిన్న గుర్తు వేస్తారు. చాలా ప్రెస్సులు అంకెలు వేస్తాయి. ఈ నవల అచ్చువేసిన ప్రెస్సువాళ్లు మాత్రం అచ్చులు వేశారు. ఋలు వదిలేసి అ, ఆ, ఇ, ఈ అని వరసగా పన్నెండు.

కాశయ్య పుస్తకం తిరగేసి, ఎప్పటిలాగే అడుగు చూసుకుంటూ పోయాడు. ఊ దాకా బాగానే ఉంది. ఊ తర్వాత ఏ వచ్చింది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాచకం తెచ్చి పక్కన పెట్టుకుని చూశాడు. ఊ తర్వాత ఎ ఉండాలి. ఐ తర్వాత ఒ ఉండాలి. ఆ రెండు ఫారాలూ పుస్తకం చివర్లో ఉన్నాయి.

తొమ్మిదేళ్ల కిందట, సంఘంలో ఇంకా ఎవరూ చదవకముందే, ఈ పుస్తకం చెదలు తిని, విడిపోయి వచ్చింది. పేజీ అంకెలుండే పై అంచును చెదలు తినేస్తే, మిగిలింది కాశయ్యే సమంగా కోసేశాడు. మిగిలినవి అడుగు గుర్తులే. తెలుగు రాదు కదా, అయినా వెరవలేదు. జగదల్‌పూర్‌లో ఉండగా ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఒక కంపోజిటర్ హిందీ వర్ణమాల రాసి, ఒక్కో అక్షరం కింద దాని తెలుగు అక్షరం రాసిచ్చిన కాగితం ఆయన దగ్గరుంది. హిందీలో ఉన్నది ఒక్కటే ఏ, ఒక్కటే ఓ. పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. లేని అక్షరం కింద కంపోజిటర్ మాత్రం ఏం రాస్తాడు? పది ఫారాలు కుదిరాయి. పేరు తెలియని రెండు మిగిలాయి. చివర్లో అనుబంధం ఏదో ఉంటుందిలే అనుకుని వాటిని చివర పెట్టి, ఊడకుండా కుట్టేశాడు.

ఆ సాయంత్రం అన్నం సహించలేదాయనకు. వెంకమ్మ అడిగితే మొత్తం చెప్పాడు. ఆమె అంతా విని, మొదట అక్షరాల సంగతే పట్టుకుంది.

"ఎవరు, ఎక్కడ, ఎందుకు అని పొద్దుగాల లేస్తే అంటనే ఉంటం గదా. ఒక్కటి, ఒళ్లు, ఒంటరి అంటం. గా మాటలకు మీ బళ్లె అక్షరమే లేదా?"

"లేదు."

"ఏం బడయ్యా అది!" అంది వెంకమ్మ. తర్వాత నెమ్మదిగా, నోరు మూసుకుని ఆ పేజీ ఏదో చదివి కార్డు తెచ్చుకొమ్మంది. తొమ్మిదేళ్లుగా ఎవరికీ పట్టని తప్పు చెప్పుకుంటే కార్డూ పోతుంది, కుట్టుపనిలో సంపాదించుకున్న పేరూ పోతుంది. అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు అంది. ఆమె అన్నది నిజమే. కాశయ్యకు సిగ్గుగానూ ఉంది, భయంగానూ ఉంది. కానీ తప్పు కుట్టు కనబడ్డాక విప్పకుండా వదిలేసిన రోజు ఆయన బతుకులో ఇంతవరకు లేదు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాడు. మొదటిసారి ఆయనకు లోపల కుర్చీ వేశారు. ముప్పైమంది దాకా ఉన్నారు. వెంకటనారాయణ ముందు పసుపుపచ్చ కార్డు, పక్కన కలం.

"ఆఖరి పేజీ చదువు కాశయ్యా. అది చదివావంటే తెలుగు వచ్చినట్టే" అన్నాడు మేష్టారు.

కాశయ్య లేచి నిలబడి చదివాడు. గుమాస్తా అద్దం ముందు నిలబడటం, మొహం తుడుచుకోవడం, పక్క గది మిత్రుడు తలుపు తట్టడం, అన్నీ చదివాడు. వత్తు ఒక్కటీ జారలేదు. "ఇక నేను" దగ్గర ఆగాడు. కొందరు కళ్లు మూసుకున్నారు. చక్రధరరావు ఒక్కడే కిటికీ వైపు తిరిగి విసుక్కున్నాడు. వెంకటనారాయణ తృప్తిగా తలాడించి, కలం మూత తీసి, కార్డు మీద 'కా' అని రాశాడు.

"ఆగండి సారూ," అన్నాడు కాశయ్య. "ఇది ఆఖరు పేజీ గాదు. నేను తప్పు కుట్టిన."

ఎవరికీ అర్థం కాలేదు. కాశయ్య బల్ల దగ్గరకు వెళ్లి, ఫారం ఫారం దగ్గర పుస్తకం తెరిచి, అడుగున ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ. తర్వాత ఏ. అందరూ వంగి చూశారు. ఆ తర్వాత చివరి నుంచి ఎ తీసి, అసలు ఉండాల్సిన వరసలో చదివాడు. గుమాస్తా మెట్లు ఎక్కుతూ ఆయాసపడ్డాడు. ఆ ఫారం చివర పక్క గది ఆవిడ వంట వాసనకు ఆగాడు, ఆమెను చేపల కూర వండటం ఎవరు నేర్పారని అడిగాడు. ఇక ఒ చివరి మాటలు చదివి, ఓ మొదటి పేజీ తిప్పాడు.

"'ఇక నేను... వెళ్లకపోతే హోటలు కట్టేస్తాడు, పొద్దుటినుంచి ఏమీ తినలేదు' అన్నాడు గుమాస్తా."

ముందు చక్రధరరావు నవ్వాడు. ఆ నవ్వుకు అలమర అద్దాలు అదిరాయి. సగంలోనే ఆయన నవ్వు కూడా ఆగింది. తొమ్మిదేళ్లుగా తను తిట్టింది, రచయిత నిజానికి పూర్తి చేసిన ఈ వాక్యాన్నే కదా. వెంకటనారాయణ మొహం పాలిపోయింది. పదకొండు పేజీల వ్యాసం కళ్ల ముందు ఆడినట్టుంది.

"తెలుగు రాకుండా తెలుగు పుస్తకం ఎలా కుట్టావయ్యా!" అన్నాడు కోపంగా.

కాశయ్య తలదించలేదు.

"రాక తప్పు చేసిన సారూ. నాది తప్పే, కాదన. తెలుగు వచ్చినోళ్లు తొమ్మిదేండ్లు తిరగేసిన్రు గదా, ఒక్కరన్న అడుగు చూసిన్రా?"

కాశయ్య పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. మళ్లీ సరిగా కుట్టి తెస్తాననీ, కార్డు సంగతి సంఘం ఇష్టమనీ చెప్పి గుమ్మం వైపు నడిచాడు. అంత గట్టిగా మాట్లాడిన మనిషికి గుమ్మం దగ్గర మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్లు వరండాలో కూర్చున్నాడు మరి, లోపలి కుర్చీలో కూర్చున్నది అరగంటే.

అప్పుడు చక్రధరరావు లేచాడు. ఆ రోజు ఆయన గొంతు మామూలు మనుషుల గొంతులాగే ఉంది.

"నియమం ఏమిటి మేష్టారూ? చదవను వచ్చినవాళ్లే సభ్యులు, అంతేగా? అలాగైతే ఈ పుస్తకం విషయంలో సభ్యుడు అతనొక్కడే. కార్డులు తిరిగి ఇవ్వాల్సింది మనం."

వెంకటనారాయణ 'కా' దగ్గర ఆగిన కార్డును కాశయ్య వైపు జరిపి, మిగతాది నువ్వే రాసుకో అన్నాడు. కాశయ్య వెనక్కి వచ్చి, నిలబడే 'శయ్య' అని రాసుకున్నాడు. ఆయన తెలుగులో తన పేరు పదిమంది ముందు రాయడం అదే మొదలు. అక్షరాలు కొంచెం లావుగా వచ్చాయి, అంతే తేడా.

తర్వాతి ఆదివారానికి 'మసి అద్దం' కొత్త అట్టతో వచ్చింది. ఎ తన చోట, ఒ తన చోట, సమాప్తం సమాప్తం దగ్గర. సభ్యుడిగా తన మొదటి పుస్తకం అదే తీసుకుంటానని కాశయ్య కార్డు బల్ల మీద పెట్టాడు. వెంకటనారాయణ కార్డు తీసుకున్నాడు గానీ, పుస్తకం మీద నుంచి చెయ్యి తీయలేదు. గదిలో అందరికీ వినపడేలాగే అన్నాడు.

"ముందు నాకివ్వండి, కాశయ్య గారూ. నేనింకా చదవలేదు."