మద్దిమాను మింగిన మేకు

మొన్న మా మనవడు పాత ఇంటి దూలాలను కోయించి కొత్త ఇంటికి దర్వాజాలు చేయిస్తానని కరీంనగర్‌లో కోత మిషను దగ్గరికి పోతూ, ఒక్కదానివీ ఇంట్లో ఏం చేస్తావని నన్ను కూడా ఆటోలో ఎక్కించుకున్నాడు. అక్కడి పనివాడు రంపం తిప్పకముందు చేతిలో ఒక నల్లని వస్తువు పట్టుకొని దూలం మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా పోనిస్తుంటే ఒకచోట అది కుయ్యిమన్నది. ఏంది బిడ్డా అది అని అడిగితే, "ఇనుమున్న కాడ అరుస్తదే అవ్వా. లోపల మేకుంటే రంపం పోతది, మనిషి గూడ పోతడు" అని నవ్వుకుంటూ చెప్పాడు. నేను అక్కడే కట్టెపొట్టు మీద కూలబడ్డాను. మనవడు ఎండదెబ్బ అనుకొని సోడా తాగించాడు.

నాకు సంతకం ఒక్కటే వస్తుంది, అదీ ముసలితనంలో నేర్చిందే. నేను చెబుతుంటే మనవరాలు రాస్తున్నది. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదంటే నా బిడ్డ బతికి ఉన్నది కాబట్టి. అది పోయి ఏడాది దాటింది. ఇప్పుడు నేను నోరు తెరిస్తే చెడిపోయేది ఏమీ లేదు.

నేను మంచిర్యాలకు కాపురానికి వచ్చేటప్పటికి నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్లయింది. జన్నారం అడవుల నుంచి దుంగలు బండ్ల మీదా లారీల మీదా వచ్చి మా సేటు మిషను ముందర గుట్టలుగా పడేవి, ఆ మిషను చుట్టే మా రేకుల ఇండ్ల లైన్లు, పొద్దున ఇంజను మొదలైతే మాపటి దాకా ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అన్నంలో కట్టెపొట్టు, మా ఆయన చెవుల్లో కట్టెపొట్టు, పొయ్యిలోకి అదే, చలికాలం పక్కలోకి అదే, పురిట్లో నా కింద పరిచిందీ అదే. నా ఇద్దరు కొడుకులు ఆ పొట్టు మీద పుట్టి ఏడాది నిండకుండానే పోయారు. మూడో కాన్పు ఆడపిల్ల, అదొక్కటే నిలిచింది.

మా ఆయన ఆ మిషను మీద కోత మేస్త్రి. కల్లు తాగేవాడు కాదని నేను చెప్పను, పండుగకు పబ్బానికి తాగేవాడు, కానీ పనికి పోయే పొద్దు ఒక్క చుక్క ముట్టిన మనిషి కాదు. అడవి నుంచి వచ్చిన దుంగ ఎంత లావుదైనా నిమ్మళంగా కోసేవాడు, ఊరి మధ్యన పెరిగిన చెట్టు వస్తే మాత్రం ఆయనకు పరేషాన్ మొదలయ్యేది. ఊరి చెట్టుకు బట్టల తాడుకని ఒకరు, బర్రెను కట్టేయడానికని ఒకరు మేకులు కొడతారు, చెట్టు పెరిగి వాటిని లోపలికి మింగేస్తుంది, పైన ఏమీ కనపడదు. అందుకని ఊరి చెట్టు వస్తే ముందు ఆ చుట్టుపక్కల వాళ్లను అడిగి వచ్చేవాడు, తర్వాత గొడ్డలి మడమతో దుంగంతా తట్టి, చెవి పెట్టి విని, అనుమానమున్న చోట చెక్కి చూసి అప్పుడు గానీ రంపానికి పెట్టేవాడు కాదు.

బిడ్డకు మూడో ఏడు నడుస్తుండగా జ్వరం పట్టింది, పండ్లు గిట్టకరిచి వంకర్లు పోయేది. దవాఖాన మందులు వారం రోజులు పోసినా తగ్గలేదు. మా అత్త నన్ను పక్కకు పిలిచి, "ఏదో పీడ ఇద్దర్ని మింగింది, గిప్పుడు దీని మీద పడ్డది. మందులు, మందులని వాడు మొత్తుకుంటడు, రంపం తప్ప వానికేమెరుక? వానికి జెప్పకు" అని లక్షెట్టిపేట దిక్కు నుంచి మంత్రాలు వేసే ఒక ముసలాయనను పిలిపించింది. పిల్ల తలవెంట్రుకలు జానెడు మేకుకు చుట్టి, మా లైన్ల మధ్యన ఉన్న నల్లమద్ది చెట్టుకు నా నడుమెత్తున దిగ్గొట్టాడు. పట్టపగలే, మా ఆయన నూరు అడుగుల దూరంలో మిషను మీద ఉండగానే, ఇంజను చప్పుడులో సుత్తె చప్పుడు కలిసిపోయింది. "పిల్ల బతికినన్ని దినాలు మేకు బయటికి రావద్దు, నీ నోట్లెకెల్లి మాట బయటికి రావద్దు. వస్తే గా పీడ మల్ల పిల్ల మీదికే వస్తది" అని ఒట్టు వేయించుకున్నాడు.

మూడో రోజుకు బిడ్డ లేచి తినడానికి జొన్న గట్క అడిగింది. మందులు పనిచేశాయో మేకు పనిచేసిందో ఎవరు చెప్పగలరు? ఇద్దరిని మట్టిలో పెట్టిన తల్లి ఆ లెక్కలు అడగదు. నీళ్లకు పోయినప్పుడల్లా ఆ చెట్టును చూసేదాన్ని. మెల్లమెల్లగా బెరడు కమ్ముకొని, చివరికి చిన్నపిల్ల బొడ్డంత మచ్చ మిగిలింది.

మరో మూడేళ్లకు లారీలు తిరగడానికి జాగ సరిపోవడం లేదని సేటు ఆ మద్దిని కొట్టించాడు. నడుము ఎత్తు మొద్దు విడిచిపెట్టి కొడతారేమో, మేకు ఆ మొద్దులోనే ఉండిపోతుందేమో అనుకున్నాను. కట్టె దండుగ అవుతుందని నేలకు ఆనించి కొట్టారు. మా ఆయన తన పద్ధతి ప్రకారం లైన్లకు వచ్చి మధ్యన నిలబడి, "అక్కల్లారా, అమ్మల్లారా, గీ మద్దికి ఎవలన్న ఎన్నడన్న మేకు గిట్ల కొట్టిండ్రా? కొడితే కొడితిమని చెప్పుండ్రి, నేనేం అనను, నా పానం మీద దయ జూడుండ్రి" అని అడిగాడు.

పక్కింటి వదినె ఊరుకుంటుందా? "మేకులు కొనేటందుకు పైసలుంటే కారుతున్న ఇంటి కప్పుకు కొట్టుకోమా మేస్త్రీ, చెట్టుకు కొడ్తమా?" అన్నది. లైన్లన్నీ గొల్లుమన్నాయి. నేనూ నవ్వాను. ఆయన నా దిక్కు తిరిగి, "నువ్వు నవ్వుడేనా, చెప్పుడేమన్న ఉన్నదా?" అన్నాడు. బిడ్డ నా కొంగు పట్టుకొని ఉన్నది. నాకేమెరుక అన్నాను.

ఆ మాపు ఆయన దుంగను తట్టుతూ తట్టుతూ ఒకచోట ఆగి చెక్కితే నిజంగానే మేకు బయటపడింది. దగ్గరికి పోయి చూస్తే వేలంత మేకు, నాది కాదు. "ఏందక్కా, మేకులే కొనమంటివి?" అని ఆయన కేకేస్తే, "గది నా పెండ్లి కాకముందరిది, నన్నెందుకంటవు!" అని వదినె ఎదురు కొట్టింది. ఆయన ఆ వంకర మేకును బిడ్డ చేతిలో పెట్టి, "చూసినవా బిడ్డా, గిది నీ బాపును మింగుతుండె" అన్నాడు. ఇక దుంగ సాఫయిందని ఆయన అనుకున్నాడు, అందరూ అనుకున్నారు. చెప్పడానికి నాకు రాత్రంతా ఉన్నది, మరునాడు పొద్దంతా ఉన్నది. తెల్లవారితే పెత్తరమాస, పోయిన పెద్దల పేరున ఇచ్చే బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. ఆయన దుంగ మొదలు దిక్కు కూడా చెక్కి చూస్తాడు, దొరుకుతుంది, నేను చెప్పినట్టూ కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను.

పెత్తరమాసకు మిషను బంద్. ఆ మరునాడు పొద్దున ఇంజను చప్పుడు ఒక్కసారిగా మారింది. మిషను లైన్లలో ఉండే ఆడవాళ్లకు ఆ చప్పుడు తెలుసు, అందరూ బయటికి ఉరికారు, నేను మాత్రం గడప దగ్గర నిలబడిపోయాను. రంపం విరిగి ముక్క ఆయన మెడకు తగిలింది. లారీలో పండబెట్టి తీసుకుపోతుంటే రైలు గేటు దాటేదాకా కూడా పానం నిలవలేదు.

పండుగనాటి కల్లు దిగకుండానే మిషను ఎక్కాడని సేటు లెక్కలు చూసే మున్షీ పోలీసు కాగితాల్లో రాయించాడు. ముందటి రోజు లైన్లలో తాగనివాడు లేడు కాబట్టి అందరూ నమ్మారు. నేను ఒక్కదాన్నే నమ్మలేదు. పొయ్యికట్టెల కుప్పలో ఆ మద్ది ముక్క దొరికింది, సగం తెగిన మేకు, చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లబడిన కట్టె. దాన్ని తీసుకుపోయి మున్షీ ముందర పడేస్తే మా ఆయన పేరు నిలబడేది. పడేస్తే నా నోరు తెరిచినట్టే, మేకు బయటికి వచ్చినట్టే, బిడ్డ ఏమైతది? కొంగులో చుట్టి ఇంటికి తెచ్చి సందూకలో బట్టల కింద పెట్టాను. లైన్లు ఖాళీ చేయమన్నప్పుడు గిన్నెలు కొన్ని విడిచిపెట్టి వచ్చాను, దాన్ని విడిచిపెట్టలేదు.

నా బిడ్డ పెద్దదయింది, పెండ్లయింది, పిల్లలను కన్నది. తండ్రి మాట వస్తే మొఖం తిప్పుకునేది. పెత్తరమాసకు నేను ఆయన పేరున బియ్యం తీస్తుంటే, "తాగి సచ్చినోనికి బియ్యమెందుకే అవ్వా" అనేది. ప్రతి ఏడూ అనేది. నేను తల వంచుకొని చేట దులుపుకునేదాన్ని. అరవై ఏళ్లు నా నోరు మట్టి కొట్టుకుపోయింది. కన్నబిడ్డను కాపాడుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది తండ్రిని అసహ్యించుకుంటూనే కండ్లు మూసింది. ఆ పాపం ఏ మేకుతో దిగ్గొట్టాలో చెప్పేవాడు ఎవడూ లేడు.

మొన్న మిషను దగ్గరి నుంచి వచ్చి సందూక తెరిచాను. తెల్లారి మనవడిని వెంటబెట్టుకొని మళ్లీ పోయి, ఆ ముక్కను ఆ పనివాని ముందర పెట్టాను. వాడు ఆ నల్లని వస్తువును ఇంకా ఆనించనైనా లేదు, అది కూసింది.

ఇప్పుడు పిల్లకు జ్వరమొస్తే సూది వేస్తారు, చెట్టుకు మేకు కొట్టే ముసలాయనలు లేరు, మా లైన్ల జాగలో ఏవో దుకాణాలు లేచాయట. కోతకు ముందు ఎవరూ ఎవరినీ అడగరు, ఆ వస్తువే చెబుతుంది. మంచిదే. ఆ రోజుల్లో మనుషులను అడిగేవాళ్లు. మా ఆయన నన్ను అడిగాడు.