జాబితాలో లేని బొంత

నేను కుర్చీలో పావుగంటకు మించి కుదురుగా కూర్చోలేను. నడుం నొప్పా, మొలలా అని కొత్తవాళ్లు అడుగుతారు. ఏ రోగమూ లేదు. పావుగంట కాగానే నా రెండు చేతులూ వాటంతటవే కుర్చీ చేతుల మీద ఆనుతాయి. ఒళ్లు జానెడు పైకి లేస్తుంది. మనసులో పది లెక్కపెట్టుకుని మళ్లీ కూర్చుంటాను. పెళ్లిళ్లలో, బ్యాంకులో, సినిమా హాల్లో, ఎక్కడైనా అంతే. మా ఆవిడ మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది, ఇప్పుడు పట్టించుకోవడం మానేసింది. నిజానికి ఆ అలవాటు నాది కాదు. వేరే మనిషిది. అతను పోయాక నన్ను పట్టుకుంది.

తెలంగాణ కోసం బందులూ ధర్నాలూ జరుగుతున్న ఆ ఏళ్లలో నేను మాదాపూర్‌లో ఒక శిక్షణ కేంద్రంలో పనిచేసేవాణ్ని. ప్రమాదాల్లో కాళ్లో చేతులో పోయినవాళ్లకు, చూపు లేనివాళ్లకు కంప్యూటర్ పని నేర్పి చుట్టుపక్కల ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలకు పంపడం మా పని. నిధులు కంపెనీలు ఇచ్చేవి. వాటితో ఏ వస్తువు కొనవచ్చో, ఏది కొనకూడదో తేల్చే కుర్చీ నాది. మాది అనంతపురం వైపు. ఉండేది మియాపూర్‌లో. రోజూ బస్సులో వచ్చి పోయేవాణ్ని. నా నోటికి భయపడి ఆఫీసులో ఎవరూ నా బల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడేవాళ్లు కాదు. అది నాకు గొప్పగా ఉండేది.

కొనుగోలు నిబంధనల పుస్తకం నేనే రాశాను. నాకు ముందున్నాయన శిక్షణ పేరు చెప్పి తనకు కావాల్సినవన్నీ కొనేసి వెళ్లిపోయాడు. ఆ పరిస్థితి మళ్లీ రాకూడదని పట్టుదలగా, ఆదివారాలు కూడా కూర్చుని రాశాను. మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తేవాలి. అన్నిట్లో తక్కువ ధర చెప్పినవాడి దగ్గరే కొనాలి. ఉద్యోగానికి అవసరమైనదే కొనాలి, వైద్యానికి సంబంధించినది ఆసుపత్రి చూసుకోవాలి. కొన్న వస్తువు, తీసుకున్న మనిషి ఏడాది పాటు ఉద్యోగంలో నిలిచేదాకా కేంద్రానిదే. మధ్యలో ఉద్యోగం ఆగిపోతే పదిహేను రోజుల్లో వెనక్కి ఇవ్వాలి. ఇందులో తప్పేముందని అప్పుడు ఎవరైనా అడిగితే కొట్టినంత పని చేసేవాణ్ని. ఇప్పటికీ ఒక్కొక్క నిబంధనా విడివిడిగా చదివితే నాకు తప్పు కనపడదు. అదే నన్ను నిద్రపోనివ్వదు.

అతనిది బోరబండ. సెంట్రింగ్ పని చేసేవాడు. గోపన్‌పల్లి దగ్గర కడుతున్న అపార్టుమెంటు నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుం కింద స్పర్శ పోయింది. పాతికేళ్లు దాటి ఉంటాయి. ఇంట్లో అతనూ, వాళ్ల అమ్మా ఇద్దరే. ఆమె ఒక ఐటీ భవనంలో నేల తుడిచే పని చేసేది. ఏడో తరగతితో చదువు ఆపేసినవాడు మా దగ్గర ఆరు నెలల్లో అందరికంటే వేగంగా టైపు చేయడం నేర్చుకున్నాడు. ఎదుటివాళ్లను ఏడిపించడం అతనికి సరదా. నన్ను కూడా వదిలేవాడు కాదు.

"సార్, మీ రూల్ బుక్కుల బంద్ గురించి ఏమన్న ఉన్నదా? రేపు బంద్ అంట. మూడు కొటేషన్లు తేవాల్నా?"

నాకు నవ్వు వచ్చేది. రానిచ్చేవాణ్ని కాదు.

వారానికోసారి మా కేంద్రానికి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చేవారు. కాకినాడ ఆవిడ. అతనికి ఉద్యోగం ఖాయమయ్యాక ఆవిడ ఒక చీటీ రాసి నా బల్ల మీద పెట్టారు. అందులో రెండు వరుసలున్నాయి. మొదటిది చక్రాల కుర్చీ. రెండోది ఆ కుర్చీలో వేసుకునే గాలి దిండు. నేను ఎర్ర పెన్ను తీసి రెండో వరుస కొట్టేశాను.

"అయ్యో, అది కొట్టేయకండి. దిండు లేకుండా ఆ కుర్చీ ఇవ్వకూడదండి," అన్నారావిడ.

"దిండు వైద్యం కిందికి వస్తుంది మేడమ్. ఆసుపత్రిని అడగమనండి."

"అతను అడిగాడండి. ఉద్యోగం కోసం కాబట్టి శిక్షణ ఇచ్చేవాళ్లే కొనాలన్నారట."

"వాళ్లు అలాగే అంటారు. వాళ్లు చేతులు దులుపుకుంటే నేను తలకెత్తుకోవాలా?"

"అతనికి నొప్పి తెలీదండి. మనమైతే కాసేపటికి అటూ ఇటూ కదుల్తాం. అతను కదలడు. ఒకేచోట ఒత్తిడి పడితే చర్మం చచ్చిపోతుంది."

ఆవిడ చెప్పింది నాకు అర్థమైంది. అర్థం కాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ క్షణంలో నాకు గెలవాలనిపించింది. ఈ ఒక్కటి వదిలేస్తే రేపు మందులు, ఎల్లుండి ఆపరేషన్లు అంటారని గొంతు పెంచాను. ఆవిడ చీటీ తీసుకుని వెళ్లిపోయారు.

దిండు లేదు కాబట్టి ఆవిడ అతనికి ఒక పద్ధతి నేర్పారు. ప్రతి పావుగంటకూ చేతుల మీద ఆని ఒళ్లు పైకెత్తి, పది లెక్కపెట్టి దిగాలి. అతను దాన్ని కూడా తమాషా చేశాడు. గోడ గడియారం చూసి, "ఇగ చూడుండ్రి, లిఫ్ట్ లేస్తున్నది" అని అరిచి పైకి లేచేవాడు. క్లాసంతా పది లెక్కపెట్టేది. గాజు తలుపు వెనక నా బల్ల దగ్గరికి ఆ లెక్క వినపడుతుండేది.

కుర్చీ ఇచ్చిన రోజు సంతకం చేస్తూ అడిగాడు.

"గీ కుర్చి నాదేనా సార్ ఇగ?"

"ఏడాది దాకా మాది. ఉద్యోగం మానేస్తే తిరిగి ఇవ్వాలి. గుర్తుంచుకో."

"ఎందుకు మానేస్త సార్? కుర్చి కోసమన్న చేస్త."

రెండు నెలలు బాగానే గడిచాయి. అంతలో వరుసగా రెండు రోజుల బంద్ పిలుపు వచ్చింది. బస్సులుండవు, ఆటోలుండవు. పని ఆగకూడదని అతని కంపెనీ ఉద్యోగులను ముందు రోజు సాయంత్రమే రప్పించుకుని లోపలే ఉంచేసింది. భోజనాలు పెట్టారు, పడుకోవడానికి నేల మీద పరుపులు వేశారు. అతన్ని కుర్చీలోంచి నేల మీదికి దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కొత్త ఉద్యోగం, కొత్త ముఖాలు. అడగడానికి మొహమాటపడ్డాడు. రెండు రోజులూ కుర్చీలోనే ఉన్నాడు.

ఆ వారమే ఏదో సర్టిఫికెట్ కోసం మా ఆఫీసుకు వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"రెండు దినాలు కుర్చి దిగలె సార్. మేనేజర్ సార్ శెభాష్ అన్నడు. పని ఒక్కటి ఆగలె."

"తిండి పెట్టారా?" అని అడిగాను.

"బిర్యానీ పెట్టిన్రు సార్."

నేను అడిగింది అదొక్కటే. పావుగంటకోసారి లేచావా అని అడగలేదు. అడగడానికి నాకు గుర్తే రాలేదు. అంతకంటే చిన్న ప్రశ్న ఈ లోకంలో ఉందా? ఆ రోజు అతను వెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. నేను ఫైల్లోంచి తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాను.

నెలన్నర తర్వాత అతను పోయాడని ఫోన్ వచ్చింది. పుండు ఎముక దాకా వెళ్లిందట. విషం రక్తంలోకి ఎక్కిందట. ఆసుపత్రిలో మూడు వారాలున్నాడట. మాకెవరికీ తెలియదు.

ఆ రోజు ఆఫీసులో నేనన్న మాట చెప్పాలి. "బంద్ మింగేసింది పిల్లాణ్ని" అన్నాను. అప్పట్లో ఏం జరిగినా బంద్ మీదికి తోసేయడం మావైపు నుంచి వచ్చినవాళ్లకు సుళువుగా ఉండేది. మా సీమ వాళ్లు తలలూపారు. పక్క బల్ల దగ్గర కూర్చునే నల్గొండ అతను లేచి బయటికి వెళ్లిపోయాడు. ఫిజియోథెరపిస్టు నావైపు చూడలేదు. ఆ సాయంత్రం పాత ఫైలు తీసి చూసుకున్నాను. చీటీ నకలు అందులోనే ఉంది. నా ఎర్ర గీత తిన్నగా, అందంగా ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఉద్యోగం ఆగిపోయిన ప్రతివాళ్ల ఇంటికీ మా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వెళ్లేది. వస్తువు పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలని అందులో ఉండేది. ఎవరికి, ఎందుకు అని చూడకుండా ఆ కట్ట మొత్తం మీద నేను సంతకాలు పెట్టేవాణ్ని. అందులో అతని అమ్మకు వెళ్లిన ఉత్తరం కూడా ఉంది.

పదిహేనో రోజు మళ్లీ బంద్ వచ్చింది. ఆఫీసులో నలుగురమే ఉన్నాం. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడ్డాను. మామూలు రోజుల్లో కారు వెనక కారు ఆగి ఉండే రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఖాళీగా ఉంది. ఆ ఖాళీ రోడ్డు మీద దూరంగా ఏదో కదులుతోంది. దగ్గరికొచ్చాక తెలిసింది, చక్రాల కుర్చీ. అందులో ఎవరూ లేరు. వెనక అతని అమ్మ తోసుకుంటూ వస్తోంది. పక్కన గులాబీ కండువాలు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు నడుస్తున్నారు. ఇప్పటికీ, పగలైనా సరే, నేను కళ్లు మూసుకుంటే చాలు, ఆ కుర్చీలో అతను కూర్చుని వస్తుంటాడు.

ఆమె కుర్చీని నా బల్ల ముందు నిలిపి చెంగుతో దాని చేతులు శుభ్రంగా తుడిచింది.

"కడిగి తెచ్చిన సారు. ఆటోలు లెవ్వు గద, నడిచి ఒచ్చిన. చౌరస్తా కాడ బంద్ పోరగాండ్లు చూసి, జర దూరం ఆళ్లే తోసిన్రు. గేటు దాక ఒచ్చి పోయిన్రు."

"ఇవాళే ఎందుకు తెచ్చావమ్మా? రేపు తేవచ్చు కదా."

"ఇయ్యాల్టి దాకనే గడువున్నదని కాగితంల రాసిన్రంట. పక్కింటి పిల్ల సదివి చెప్పింది."

పుండు సంగతి ముందే ఎవరికైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతులో కాస్త కోపం కూడా ఉంది. తప్పు ఆమెదైతే ఎంత బాగుండునో అనుకుంటూ అడిగాను.

"నేనే జూసిన సారు, తానం చేపిచ్చేటప్పుడు. రూపాయి బిళ్లంత ఉండె. దవాఖానకు పోదాం బిడ్డా అంటే ఒద్దన్నడు. నౌకరి నాగా అయితే తీసేస్తరు, తీసేస్తే కుర్చి పోతది, సారు ముందే చెప్పిండు అన్నడు. నొప్పి లేదమ్మా, ఫికర్ చెయ్యకు అన్నడు."

నేను రిజిస్టర్ తెరిచాను. కళ్లు దించుకోవడానికి అది పనికొచ్చింది. చక్రాల కుర్చీ, ఒకటి, అని రాశాను. అప్పుడు చూశాను, కుర్చీలో ఒక బొంత ఉంది. పాత చీరలు మడతలు పెట్టి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి, కుర్చీకి సరిగ్గా సరిపోయేలా కుట్టింది.

"పుండు జూసినంక కుట్టిన. ఆనికి పది దినాలు గూడ అక్కరకు రాలె," అంది. "ఇంకెవరికన్న ఇస్తరు గద సారు కుర్చి. ఉంచుండ్రి. కింద మెత్తగుంటది."

నా బుర్ర ఇంకా ఆమె మాటల దగ్గరే ఉంది. నోరు మాత్రం తన పని తాను చేసింది.

"జాబితాలో కుర్చీ ఒక్కటే ఉందమ్మా. జాబితాలో లేనిది తీసుకోకూడదు."

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. కోపం లేదు. నాకు కావాల్సింది కోపమే, అది ఇవ్వలేదు.

"గట్లనా. నాకు తెల్వదు సారు. పరేషాన్ గాకుండ్రి, తీస్కపోత."

బొంత తీసి దులిపి మడతపెట్టి చంకలో పెట్టుకుంది. మెట్లు దిగి ఖాళీ రోడ్డు మీద బోరబండ వైపు నడిచింది. పిలవాలి అనుకున్నాను. కిటికీ తలుపు కూడా తీశాను. అమ్మా అని అరిస్తే వినపడేంత దూరంలోనే ఉంది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఆ కుర్చీ మూడు నెలలు స్టోరు గదిలో ఉంది. తర్వాత చిన్నప్పటి నుంచి నడుం కింద స్పర్శ లేని ఒక అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. ఫిజియోథెరపిస్టు మళ్లీ చీటీ తెచ్చారు. అవే రెండు వరుసలు. ఈసారి ఆవిడ వాదించకుండా నా బల్ల ముందు నిలబడ్డారు. నేను రెండో వరుసను వేరే వస్తువుగా చూపించలేదు. కొనుగోలు కాగితంలో "చక్రాల కుర్చీలో భాగం, గాలి దిండు" అని రాశాను. పుస్తకంలో ఒక్క అక్షరం మార్చలేదు. డైరెక్టరు ఫోన్ మాట్లాడుతూనే సంతకం పెట్టేశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. వారంలో దిండు వచ్చింది.

ఆ కాగితాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. ఒకసారి చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా నావైపు చూశారు.

"ఆ రోజు కూడా ఇంతే రాస్తే సరిపోయేదాండి?" అన్నారు.

"ఇంతే," అన్నాను.