గ్రాఫులో అమావాస్య

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే ఆ రోజుల్లో, దాని ముందు కూర్చున్నవాడికి అన్నీ తెలుసని అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను, వచ్చిన చిక్కల్లా అదే. బందరులో ఆరు నెలల కోర్సు చేసి, ఇరవై రెండేళ్లకే అవనిగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో 'కంప్యూటర్ సార్'గా చేరాను. పిల్లల మార్కులూ హాజరూ ఎక్సెల్‌లోకి ఎక్కించి, ప్రింటు తీసి స్టాఫ్ రూము గోడకి అంటించాను. బాగా చదివేవాళ్లు ఆకుపచ్చ, వెనకబడ్డవాళ్లు ఎరుపు. (ప్రింటరు నలుపు తెలుపుదే. రంగులు స్కెచ్ పెన్నులతో నేనే దిద్దాను.)

పదో తరగతిలో ఎరుపు ఒక్క పేరుకే పడింది. సముద్రం పక్క పల్లె నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. గ్రాఫు గీస్తే ఆమె హాజరు పదిహేను రోజులకోసారి గోతిలో పడుతోంది. తప్పిన టెస్టులన్నీ అక్కడే. "హాల్లో సినిమా మారినప్పుడల్లా ఎగ్గొడుతోందండీ" అని హెడ్మాస్టరు గారికి తేల్చి చెప్పాను. ఇలాగైతే పబ్లిక్ పరీక్షకు పంపేది లేదని ఆయన తల్లికి కబురు పెట్టారు.

ఆవిడ చేపల గంప కంప్యూటర్ గది గుమ్మం బయట దించి వచ్చింది. "చూడమ్మా, ఇది ఎక్స్ యాక్సిస్..." అని మొదలుపెట్టాను. ఆవిడ నా మాట వినకుండా గోతుల మీద వేలు పెట్టింది. "ఇది అమాస కదా బాబూ? ఇది పున్నం. ఇది మళ్లీ అమాస. అప్పుడు పోటెక్కువ, చేప బాగా పడద్ది. నేను గంపెత్తుకుని బజారుకొస్తే చంటోణ్ణి మా పిల్లే చూడాల. ఇంత బాగా గీశావు, ఆమాత్రం తెలవదా?"

"ఏమయ్యా, సినిమా అన్నావు?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"సినిమానా! మా పిల్లని హాల్లో చూశావా బాబూ, ఈ పెట్టెలో చూశావా?" అందావిడ.

నేను కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాను. హెడ్మాస్టరు గారు గోడ మీది క్యాలెండరు తీసి చాలాసేపు తిరగేశారు. "పిల్లని పరీక్షకి పంపుతామమ్మా. టెస్టులు ఇకనుంచి అష్టమికి పెడదాం. మంచి పనులకి పనికిరాదు గానీ పరీక్షలకి పరవాలేదు" అని నావైపు తిరిగారు. "తప్పిన పాఠాలు శనివారాలు నువ్వే చెప్పు. ఆ కంప్యూటర్లో తిథి అని ఇంకో గడి కూడా పెట్టు."

పెట్టాను. ఆ అమ్మాయి పాసైంది.

ఇప్పుడు పెద్ద ఆఫీసులో ఇలాంటి పట్టికలు చూడటమే నా ఉద్యోగం. ఎవరి పేరైనా ఎర్రగా కనబడితే సినిమా మాట ఎత్తను. మొన్న హెడ్మాస్టరు గారు పోయారని ఫోనొచ్చింది. పెట్టేశాక, ఎందుకో, క్యాలెండరు తీసి తిథి చూశాను. అష్టమి. నవ్వొచ్చింది, కాసేపే.