నున్నటి వైపు లోపలికి

కిందటి వారం మా వంటింట్లో అరలు బిగించడానికి వచ్చినతను ప్లైవుడ్‌ను మిషన్‌తో కోస్తుంటే ఇల్లంతా జిగురు కాలిన వాసన. అది కర్ర వాసన కాదు. మిషన్ మీది ముల్లును ఏ అంకె మీద పెడితే కోత ఆ వాలుకే దిగుతోంది, అతను ఒక్కసారి కూడా ఒంటికన్నుతో చూసుకోలేదు, అయినా మూలలు వెంట్రుక దూరనంత బాగా కలిశాయి. బాగుందని చెప్పి టీ ఇచ్చాను.

మా నాయన నారాయణఖేడ్‌లో వడ్రంగి, ఆయనకు ఈ కోణాల డిగ్రీలు తెలియవు. బస్ డిపో వెనక రేకుల కొట్టంలో, ఎండాకాలం ఆ వేడికి మామిడి పలకలు టపటపమని పగులుతున్నా, వానాకాలం అవే పలకలు తడికి ఉబ్బి పుల్లటి వాసన కొడుతున్నా, పొద్దస్తమానం గొర్రులు, తలుపులు, మా చర్చివాళ్లకు శవపెట్టెలు చేస్తూనే ఉండేవాడు. పలకను నున్నగా చెక్కే రందా పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా రాలే పొట్టును నేను గాజుల్లా చేతికి ఎక్కించుకునేదాన్ని, మిగిలింది అమ్మ పొయ్యిలోకి ఎత్తుకుపోయేది. క్రిస్మస్‌కు ముందు మూడు రోజులు మా సకినాలు, గరిజెలు ఆ మంట మీదే కాలేవి. ఆ పొట్టు భగ్గున మండి చప్పున ఆరిపోతుంది గనుక ఒకరు పక్కనే కూర్చుని గుప్పెడు గుప్పెడు వేస్తుండాలి. ఆ పని నాది, విరిగిన గరిజెలన్నీ కూడా నావే.

శవపెట్టె అంటే ఉత్త నాలుగు మూలల డబ్బా కాదు. తల దగ్గర సన్నగా మొదలై, భుజాల దగ్గర వెడల్పై, మళ్లీ కాళ్లదాకా సన్నబడాలి. భుజాల దగ్గర రెండు పలకలు కలిసే వంకర ఏ మూలమట్టానికీ అందదు. నాయన పాత పేపరు మీద ఆ మలుపు గీసి, కత్తిరించి, సరిగ్గా సగానికి మడిచేవాడు. మడత ఎక్కడ పడితే కోత అక్కడ.

"మలుపును రెండు పలకలు సగం సగం పంచుకోవాలె బిడ్డా. ఒక్కటే మోస్తే సందు పడ్తది" అనేవాడు.

ఆ కోత పలక మందంలోకి ఏటవాలుగా దిగాలి, బయటి వైపు పొడుగు, లోపలి వైపు పొట్టి రావాలి. బయటి వైపుకు మాత్రమే రందా పట్టి అద్దంలా నున్నగా చేసేవాడు. లోపలి వైపు గరుకుగానే వదిలేసేవాడు, అందరూ అంతే, చూసేవాళ్లు ఉండేది బయటే కదా.

అమ్మ పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు. చేలల్లో కంది పూత మీదున్న రోజులు. వారం జ్వరం, రెండు రోజులు దవాఖాన, మూడో రోజు తెల్లారేసరికి వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. చర్చి ఆడవాళ్లు పాట అందుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఎవరో జొన్నరొట్టె పెడితే తిన్నాను, రుచి తెలియలేదు. పొద్దు వాలేలోపు మట్టి చేయాలన్నారు, పెట్టె తానే చేస్తానన్నాడు నాయన. పలకలకు రందా పట్టేదాకా బాగానే ఉన్నాడు గానీ, పెన్సిల్ పట్టినవాడు గీయకుండా దాన్ని నా చేతిలో పెట్టాడు.

"నువ్వు గియ్యి బిడ్డా. నీకెర్కే గద."

కాగితం మడిచాను, సగం సరిగ్గానే వచ్చింది. నాలుగు పలకల మీదా గీశాను. ఎప్పుడైనా రెండుసార్లు చూసుకోనిదే రంపం పెట్టని మనిషి ఆ రోజు నేను గీసిన గీత మీద చూడకుండా కోసేశాడు. నిలబెట్టి కలిపితే భుజాల దగ్గర వేలు దూరేంత సందు. వాలును నేను తిరగేసి గీశాను. పొడుగు రావాల్సిన నున్నటి వైపు పొట్టిగా తెగింది.

కొట్టంలో ఇంకో పలక లేదు. నాయన ఆ సందులో వేలు పెట్టి చూశాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నాలుగు పలకలనూ ఒక్కొక్కటిగా తిప్పాడు. సందు మూసుకుంది. నున్నటి వైపంతా లోపలికి పోయి, రంపపు గీతలూ పేళ్లూ బయటికొచ్చాయి.

వాకిట్లో పెట్టగానే మా పెద్దనాయన దాన్ని తడిమి చూసి అందరి ముందే అడిగాడు.

"ఏందిర గిది? పెండ్లాం పెట్టెకు రందా పట్టనీకి గూడ నీకు చేతులు రాలేదా?"

పనితనంలో ఖేడ్‌లో తనను మించినవాడు లేడని పేరున్న మనిషి తల వంచుకున్నాడు.

"నేనే అట్ల పెట్టిన అన్నా. లోపట ఉండేది ఆమె గద, మనం గాదు."

పెద్దనాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లుమని ఏడ్చారు. నాయన నా వైపు చూడలేదు, ఆ తర్వాత ఏనాడూ ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ మరుసటి ఏడు కల్హేర్ నుంచి ఒకాయన వచ్చి, మా అవ్వకు గూడ మీ ఇంటామెకు చేసినట్టే చెయ్యమన్నాడు. అప్పటినుంచి నాయన చేసిన ప్రతి పెట్టెకూ నున్నటి వైపు లోపలికే.

ఈసారి వానలు మొదలైనప్పుడు నాయన పోయాడు. కొట్టం ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, ఊళ్లో పెట్టె చేసేవాళ్లు లేరు, జహీరాబాద్ నుంచి రెడీమేడ్‌ది తెప్పించాం. నాలుగు మూలలూ తిన్నగా ఉన్నాయి, భుజాల దగ్గర మలుపన్నదే లేదు, లోపల మెరిసే తెల్లగుడ్డ అతికించారు. అప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. పాస్టరు లేచి, భార్యను ప్రేమించడమంటే ఏమిటో ఈయన పలకలు తిప్పి మనకు చూపించాడని చెప్తుంటే జనం కళ్లు తుడుచుకున్నారు. ఆ గీత ఎవరు తప్పుగా గీశారో నేను కాక తెలిసిన ఒక్క మనిషి ఆ పెట్టెలో ఉన్నాడు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.