కారు కింద నేను, కుర్చీలో మామ

ఉద్యోగం పోయాక నాకు ఒంటరిగా ఉండడానికి దొరికిన ఒకే ఒక్క చోటు మా కారు అడుగు. పుప్పాలగూడలో మేముండే ఫ్లాటు మామది. అందులో సోఫా మామది, మంచం మామది, గోడ మీది టీవీ కూడా మామదే. కింద పార్కింగు జాగా ఆయన పేరు మీదే ఉండేది గానీ, అక్కడ నిలబడ్డ పాత తెల్లకారు మాత్రం నాది. పెళ్లికి ముందు, మొదటి ఉద్యోగంలో ఉండగా, ఎవరో వాడి వదిలేసిన దాన్ని ఇష్టపడి కొనుక్కున్నాను.

అది అప్పటికే ముసలిదైపోయింది. స్పీడ్ బ్రేకరు దిగితే ముందు చక్రాల దగ్గర పాత నులకమంచంలా కిర్రుమనేది. గుంతలో పడితే దెబ్బ నేరుగా చేతుల్లోకి వచ్చేది. బండిని కుడివైపు తిప్పితే ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మని ఎవరో చిటికెలు వేస్తున్నట్టుండేది. ఇంజను బలాన్ని చక్రానికి అందించే ఇరుసు, అదే డ్రైవ్ షాఫ్టు, దాని చివరి కీలు అరిగిపోయింది. షాక్ అబ్జార్బర్లు, వాటి కింద చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతులు, అన్నీ పోయాయి. నాకు తీరిక ఉంది, పానాలు ఉన్నాయి, ఫోనులో చూసి నేర్చుకునే ఓపిక ఉంది. నేనే బాగు చేద్దామనుకున్నాను.

మామ మా పై అంతస్తులో ఉండేవాడు. ఆయనది ప్రొద్దుటూరు వైపు. నార్సింగి చుట్టుపక్కల భూములు కొని అమ్మేవాడు. కూతురు జగిత్యాల పిల్లవాణ్ని ప్రేమించానంటే అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పనందుకు జీవితాంతం నా మీద హక్కు వచ్చిందని అనుకున్నట్టున్నాడు.

నేను పని మొదలుపెట్టిన మర్నాడే వాచ్‌మన్ చేత ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పార్కింగులోకి తెప్పించుకున్నాడు. టీ కూడా అక్కడికే వచ్చేది. నాకు కింద నుంచి ఆయన పాదాలు, పంచె అంచు మాత్రమే కనిపించేవి.

"ఏమప్పా అల్లుడూ, బతికే ఉండావా? కాళ్లు కదల్లేదని మోసేదానికి నలుగుర్ని పిలుద్దామనుకుంటి."

నేను నవ్వేవాణ్ని. మొదట్లో అది నిజంగా హాస్యమే అనుకున్నాను.

లిఫ్టు కోసం వచ్చే ప్రతివాళ్లనూ ఆయన ఆపేవాడు. "మా అల్లుడు సార్. కంపెనీవాళ్లు వద్దన్యారు. అందుకని ఈడ సొంత కంపెనీ పెట్టినాడు. మీ బండ్లకు ఏమన్నా రిపేరుంటే తెచ్చుకోండి, మొగమాట పడాకండి." రెండో అంతస్తు ఆయన నిజంగానే కూతురి సైకిలు తీసుకొచ్చి నా తల దగ్గర నిలబెట్టాడు. గొలుసు ఊడిపోయింది. నేను బయటికి వచ్చి ఎక్కించి ఇచ్చాను. మామ చప్పట్లు కొట్టాడు.

దానికంటే పానా ఆట నాకు ఎక్కువ గుర్తు. కింద పడుకుని పానా కోసం చెయ్యి బయటికి చాపితే, ఆయన చెప్పు కొసతో దాన్ని కొద్దిగా అవతలికి నెట్టేవాడు. నేను ఇంకొంచెం చాపేవాణ్ని. ఇంకొంచెం నెట్టేవాడు. పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్ ఒకసారి వంగి పానాను నా చేతిలో పెట్టబోయాడు.

"నీకు జీతమిచ్చేది గేటు కాసేదానికా, ఈయనకు పానాలు అందిచ్చేదానికా?"

"తప్పైంది సార్," అని వాచ్‌మన్ వెళ్లిపోయాడు. మళ్లీ నా వైపు రాలేదు.

షాక్ అబ్జార్బరు మీద లావుపాటి స్ప్రింగు ఉంటుంది. దాన్ని క్లాంపులతో అణచి పట్టి విప్పాలి. అణచి ఉన్నంతసేపూ అది ఎటు ఎగురుతుందో తెలియదు. ఒక క్లాంపు జారింది. స్ప్రింగు తన్నింది. నా బొటనవేలి గోరు నల్లగా చీలి రక్తం కారింది. నొప్పికి నేలమీద కూలబడ్డాను. మామ కుర్చీలోంచి ముందుకు వంగి చూశాడు.

"టైల్స్ మీద పడనీయాకు. మరక పోదు."

షాక్ అబ్జార్బర్లూ ఇనుప చేతులూ కొత్తవి బిగించాక నార్సింగి వైపు తిప్పి చూద్దామని బయల్దేరితే ఆయనా వచ్చి ఎక్కాడు. స్పీడ్ బ్రేకర్లు దాటాం, తవ్వి వదిలేసిన రోడ్డు దాటాం. కిర్రుమనలేదు. కారు పిల్లిలా దిగి పిల్లిలా నడిచింది. నాకు ఆనందం ఆగలేదు.

"ఎట్లున్నది మామా?" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "రోడ్డు బాగా ఏసినట్టుండారే," అన్నాడు.

మిగిలింది డ్రైవ్ షాఫ్టు. చక్రం మధ్యలోని పెద్ద నట్టు తుప్పు పట్టి కదల్లేదు. పానాకు పొడవాటి గొట్టం తొడిగి, దాని మీద ఎక్కి నిలబడితే తుపాకీ పేలినట్టు శబ్దం చేసి వదిలింది. గేర్ బాక్సు నూనె పళ్లెంలోకి వంపుకుని షాఫ్టు బయటికి లాగాను. కారును స్టాండు మీద, ఎడమ చక్రం లేకుండా వదిలి పైకి వెళ్లాను.

"రేపు మదీనాగూడ పోయి దీనికి కొత్త కీలు ఏపిచ్చుకొస్త. ఇగ అయిపోయినట్టే," అన్నాను నా భార్యతో.

ఆమె లాప్‌టాప్ మూసింది. "పొద్దున్నే పోతావా?"

"పొద్దుగాల్నే."

"సరే," అని లోపలికి వెళ్లింది.

మర్నాడు షాఫ్టును గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కాను. పని పూర్తయి తిరిగొచ్చేసరికి పొద్దు వాలలేదు ఇంకా. గేటు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. నా కారు జాగాలో కొత్త కారు, ముందు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. మరక పోదన్న ఆ టైల్స్ మీద, పార్కింగు నుంచి గేటు దాకా, ఇనుము గీరుకుపోయిన తెల్లటి గాడి.

"రా అల్లుడూ. నీ కోసమే ఆగినాం. నిమ్మకాయలు నువ్వే తొక్కియ్యాల."

"మామా, నా కారేది?"

"యాడికీ పోలేదులే. ఎనక ఖాళీ జాగాలో ఉండాది. పాప ఎన్నాళ్లు క్యాబుల్లో తిరుగుతాది చెప్పు?"

"చక్రం లేకుంట ఎట్ల గుంజిండ్రు?"

"ట్రాక్టరుతో. ఇనుమే గదప్పా, దానికేమన్నా నొప్పా?"

నా భార్య హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. పట్టుచీర కట్టుకుంది. "నీకు ఎరికేనా?" అనడిగాను.

"నాన్న చెప్పొద్దన్నాడు," అంది.

మామ తాళం నా చొక్కా జేబులో వేశాడు. "చేతులు తుడుచుకోని ఎక్కు. పాపను దినామూ ఆఫీసు కాడ దించి, సాయంత్రం తోలకరా. ఇంట్లో ఉండేవానికి ఏదో ఒక పని ఉండాల గదా."

చుట్టూ ఫోన్లు లేచి ఉన్నాయి. అందరూ నవ్వుతున్నారు, పండగ నవ్వు. సంచి గోడకు ఆనించి ఎక్కాను. నిమ్మకాయలు చిట్లాయి. తండ్రీ కూతుళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు.

ఆ తర్వాత ఆమె రోజూ వెనకే కూర్చునేది. దారిలో లాప్‌టాప్ తెరవాలి, ముందు బెల్టు అడ్డమొస్తుంది అనేది. హైటెక్ సిటీలో వాళ్ల ఆఫీసు టవరు కింద సెక్యూరిటీ అతను కిటికీ మీద తట్టి, "డ్రైవర్ సాబ్, జర ముందుకు తియ్," అన్నాడు. ఆమె దిగుతూ విన్నది. బ్యాగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నాలు వెనక జాగాకు వెళ్లేవాణ్ని. నేను కొత్తగా బిగించిన ఇనుప చెయ్యి రాళ్లకు తగిలి వంగిపోయింది. బ్రేకు డిస్కు ఒకవైపు చంద్రవంకలా అరిగింది. షాఫ్టు తొడగబోతే లోపలికి వెళ్లలేదు. మట్టిలో పడుకుని చాలాసేపు ప్రయత్నించాను. అక్కడ పానాను నెట్టేవాళ్లు లేరు, అయినా పని జరగలేదు. వానలకు ముందు ఆ జాగా యజమాని సెల్లారు తవ్వడానికి జేసీబీ పెట్టాడు. పాత ఇనుమువాళ్లను పిలిపించాను. వాళ్లు కారును కోస్తుంటే మామ బాల్కనీలోంచి కేకేసి అడిగాడు: "తూకానికేనా?"

ఆ సాయంత్రం ఫ్లైఓవరు మీద బండ్లు ఆగిపోయాయి. నా భార్య వెనక నుంచి అడిగింది.

"బాధగా ఉందా?"

"లేదు."

"ఇదిగో, ఇదే. ఉద్యోగం పోయినప్పుడూ ఇట్లనే ఉన్నావు. పోయిందని నాకు నువ్వు చెప్పలేదు. మీ ఆఫీసులో ఉన్న నా ఫ్రెండు చెప్పింది. అడుగుదామంటే కారు కిందకి దూరినావు. నాన్న అన్నన్ని మాటలంటుంటే బాల్కనీలోంచి వింటూనే ఉన్నా. ఒక్కసారన్నా తిరగబడతావేమో అని చూసినా." లాప్‌టాప్ మూసింది. "ఆ కారు తీసేయమన్నది నాన్న కాదు. నేనే. నువ్వు మదీనాగూడ పోతావని నేనే నాన్నకు ఫోన్ చేసి చెప్పినా."

అద్దంలో ఆమె ముఖం కనిపిస్తోంది. నేను అరుస్తానని ఎదురుచూస్తోంది. ఏదో ఒకటి అని ఉంటే ఆమెకు కావలసింది దొరికేదేమో. అందుకే అనలేదు. ముందు బండి కదిలింది, గేరు వేశాను. ఆమె ఇల్లు చేరేదాకా ఏడ్చింది. ఆ ఏడుపు వింటూ నేను చాలా జాగ్రత్తగా నడిపాను.

చలికాలానికి నాకు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఉద్యోగం దొరికింది. తనకు తెలిసినవాళ్లతో చెప్పించానని మామ బంధువులందరికీ చెప్పుకున్నాడు. అది అబద్ధం. నేను కాదనలేదు. కొత్త కారుకు డ్రైవరును పెట్టారు. నేను చేరే మొదటి రోజు మామకూ అటువైపే పనుండి మాతో బయల్దేరాడు. వెనక సీట్లో ఆయన, నా భార్య. ముందు డ్రైవరు పక్కన నేను.

మలుపు దగ్గర గుంతలో చక్రం దభీమని పడింది.

"మెల్లగప్పా," అన్నాడు మామ. "నీ ముందు తోలినాయన శానా మెత్తగా తోలేవోడు. కడుపులో నీళ్లు కదిలేవి కాదు."

ఆయన నోటి నుంచి నా గురించి మంచిమాట వినడం అదే మొదటిసారి.

డ్రైవరు చిన్నబుచ్చుకున్నాడు. "ఎవలు సార్ ఆయన? ఇప్పుడు యాడ చేస్తుండు?"

"ఎవురో లేప్పా," అన్నాడు మామ. "వేరే పని దొరికి పోయినాడు."

నా భార్య ఫోను చూసుకుంటోంది. డ్రైవరు నన్ను మా ఆఫీసు గేటు దగ్గర దింపి, వాళ్లిద్దర్నీ తీసుకుని వెళ్లిపోయాడు.