రెండు మూపురాల ఒంటె, కిటికీ పక్క మంచం

ఉమ్ సలాల్ తోటలో పనిచేసే డ్రైవర్లకూ, తోటమాలులకూ, వంటమనిషికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నేటి నుంచి మా గదిలో కిటికీ పక్క మంచం మీద ఎవరూ తడి తువ్వాలు ఆరేయరాదు. ఆ మంచం బాబాయిది. నిన్న ఆయన అల్లుడు ఫోన్ చేశాడు.

"దుబాయ్‌ల మా మామ దోస్తువు నువ్వేనా? మామ పోయిండన్నా."

ఇది దుబాయ్ కాదు, ఖతర్. అయినా నేనే అన్నాను.

నేను గోదావరి వాణ్ణి, ఆయనది నిజామాబాద్ వైపు. నేను బాబాయ్ అంటే ఆయన తమ్మీ అనేవాడు. ఆ చుట్టరికం చివరిదాకా కుదరలేదు.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు వచ్చే అతిథులకు చూపించాలని మా యజమాని ఎక్కడో మంచుదేశం నుంచి రెండు మూపురాల ఒంటెను తెప్పించాడు. దాన్ని చూసుకునే డ్యూటీ బాబాయిది. ముందు మూపురంలో నీళ్లు, వెనక మూపురంలో పాలు ఉంటాయని చెప్పి, కొత్తగా వచ్చినవాళ్లకు చెంబులిచ్చి పంపేవాణ్ణి.

"రెండిట్ల కొవ్వే తమ్మీ. తిండి దొరకనప్పుడు గదే కరుగుతది. నీ నెత్తిల ఉన్నది మాత్రం కరగదు" అనేవాడాయన.

ఎండలు ముదిరేసరికి ఒంటె బొచ్చు పేలికలు పేలికలుగా ఊడింది. రోగమనుకుని హడలిపోయాం. మేనేజరు కత్తెర తెప్పించాడు. బాబాయి అడ్డం నిలబడ్డాడు.

"చలికి తొడుక్కున్న కోటు సార్ అది. అదే ఇడుస్తది. మనం కత్తిరిస్తే ఎండకు తోలు కాలుతది."

కంచె గుంజకు గోనెసంచి చుట్టాడు. ఒంటె దానికే రాసుకుని పాత బొచ్చంతా వదిలించుకుంది. ఆ బొచ్చుతో ఆయన దిండు కుట్టుకున్నాడు. ఇసుకగాలి లేస్తే ఒంటె ముక్కుపుటాలు మూసుకునేది, ఈయన తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. ఇద్దరూ గాలికి వీపు తిప్పి కూర్చునేవారు.

ఆ వేసవిలోనే ఆయనకు సెలవు దొరికింది. ఊళ్లో పుట్టిన మనవరాలిని ఇంకా చూడలేదు. వెళ్లు బాబాయ్ అని పోరాను.

"ఎండకాలం దాటనీ తమ్మీ. దీన్ని ఇడిసి ఎట్ల పోవాలె?"

పందిరి కింద నీళ్లు చల్లుతూ ఉండిపోయాడు. చలి మొదలై, ఒంటెకు కొత్త బొచ్చు వచ్చాకే కదిలాడు. విమానాశ్రయంలో నేనే దించాను.

"రెండు నెలల్ల వస్త. వచ్చే యేడు మ్యాచులు కలిసే చూద్దాం. నా మంచం ఎవ్వనికియ్యకు."

మనవరాలిని ఎత్తుకున్న ఫొటో పంపాడు. తర్వాత వచ్చింది నిన్నటి ఫోనే.

దోహా దారిలో స్టేడియానికి దీపాలు పెడుతున్నారు. ఇక్కడ బొచ్చుదిండు కిటికీ పక్క అలాగే ఉంది. ఒంటె మేత మానేసి, సాయంత్రమైతే గేటు వైపు మెడ తిప్పి నిలబడుతోంది.

ఆ ఒంటె సంగతి మాత్రం నేను కల్పించాను. అది కొత్త బొచ్చుతో నిండుగా, శుభ్రంగా మేస్తోంది. గేటు వైపు చూసేది నేను.